ప్రయోగం చేసే కళాకారుడికి ఆసరా ఏది?

సంపాదకులకు నమస్కారం.

కళాకారులకు ప్రభుత్వం అందించే సాయం గురించి మాట్లాడినప్పుడల్లా పింఛన్లు, సన్మానాలు, ఉత్సవాల్లో ప్రదర్శనలకు ఇచ్చే పారితోషికాలే ప్రస్తావనకు వస్తాయి. ఇవన్నీ అవసరమైనవే, వీటిలో ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. అయితే ఇవి ఇంతకుముందు చేసిన పనికో, అప్పటికే చేతనైన పనికో దక్కేవి. తన కళలో ఇంతవరకూ లేనిదాన్ని ప్రయత్నించి చూడాలనుకునే వ్యక్తికి ఏడాదిపాటు ఇల్లు గడిచే దారి మాత్రం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నాకు కనిపించడం లేదు.

తోలుబొమ్మల సంగతే చూడండి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు ఆవలికి కనిపించేంత పలుచన చేసి ఆరబెట్టాక, ఉలితో చిల్లులు కొట్టి రెండువైపులా రంగులు వేస్తారు. ఆ రంగులు ఆముదపు దీపాల పసుపు వెలుగుకు కుదిరినవి. ఈనాటి తెల్లటి ఎల్‌ఈడీ వెలుగులో అవే ఎరుపు, అవే ఆకుపచ్చ తెరమీద మునుపటిలా పలకవు. రంగు మార్చాలా, తోలు మందం మార్చాలా, దీపాన్ని తెరకు ఎంత దూరంలో పెట్టాలి అన్నది తేల్చాలంటే కొన్ని తోళ్లు పాడు చేసుకోక తప్పదు. ఆటకు పిలుపే అరుదైన రోజుల్లో ఆ తోళ్ల ఖర్చు ఎవరు భరిస్తారు? భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెల పనివారిదీ ఇదే పరిస్థితి. నర్ది, బిక్కి వంటి కలపను కొత్త ఆకారంలో మలచి చూడటానికి ఒక నెల కేటాయిస్తే, ఆ నెల ఆర్డరు పోయినట్లే.

కేంద్ర సాంస్కృతిక శాఖ వ్యక్తులకు ఫెలోషిప్‌లు ఇస్తోంది. జూనియర్ విభాగంలో నెలకు రూ.10,000, సీనియర్ విభాగంలో రూ.20,000 చొప్పున రెండేళ్లపాటు ఇస్తారు. ఇది మంచి పథకమే గానీ, దేశం మొత్తానికి ఏడాదికి గరిష్ఠంగా 400 మాత్రమే. ఇక ప్రదర్శనలకూ నిర్మాణాలకూ ఇచ్చే గ్రాంట్లు రిజిస్టరైన సంఘాలకే గనుక, ఒంటరిగా పనిచేసే చిత్రకారుడికో శిల్పికో వాటివల్ల ప్రయోజనం లేదు. 1993లో బెంగళూరులో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వ్యక్తుల ప్రయోగాలకు గ్రాంట్లు ఇస్తూ, ప్రతిపాదనను ఏ భారతీయ భాషలోనైనా రాయనిస్తోంది. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగిన పనిని మన భాషా సాంస్కృతిక శాఖ చేయలేదా?

ఫలితం తేలని పనికి ప్రజాధనం ఎందుకని కొందరు అడుగుతారు. నెల్లూరు వరి పరిశోధన కేంద్రంలో ఎన్నో వంగడాలను పెంచి, పరీక్షించి, వాటిలో చాలావాటిని పక్కన పెట్టాకే నెల్లూరు మసూరి వంటిది రైతు చేతికి వచ్చింది. పక్కన పెట్టిన వంగడాల మీద పెట్టిన ఖర్చును మనమెవ్వరమూ దుబారా అనలేదు. కళాకారుడి విషయంలో మాత్రం మొదటి దరఖాస్తులోనే చివరి ఫలితం రాసివ్వమనడం న్యాయం కాదు.

అందువల్ల జిల్లాకు పదిమంది చొప్పున, ఒక్కొక్కరికి ఏడాదికి లక్షన్నర రూపాయల గ్రాంటు ఏర్పాటు చేయాలని నా ప్రతిపాదన. ఒక జిల్లాకు అయ్యే ఖర్చు పదిహేను లక్షలు మాత్రమే. ఇందులో మొదటి వాయిదాను పని మొదలుకాకముందే చెల్లించడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే బిల్లులు పెట్టాక డబ్బిచ్చే పద్ధతి అప్పు పుట్టగలిగినవారికే పనికొస్తుంది. చదువు తక్కువైన కళాకారుడు తన ఆలోచనను తెలుగులో నోటితో చెప్పుకునే వీలుండాలి, ఎంపిక సంఘంలో ఆ కళ చేతితో తెలిసినవారు ఒకరైనా ఉండాలి. దుర్వినియోగం జరుగుతుందన్న భయానికి, ఏడాది మధ్యలో ఆ సంఘమే పనిచోటికి వెళ్లి పని చూసి రావడం, చివర్లో కుదిరినవీ కుదరనివీ కలిపి స్థానిక కళాశాలలోనో టౌన్‌హాలులోనో అందరికీ చూపించమనడం సరిపోతుందని నా అభిప్రాయం. కుదరని ప్రయత్నానికి డబ్బు వెనక్కి అడగకూడదు.

మొదట నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒక్క ఏడాది దీన్ని అమలు చేసి చూడాలని ప్రభుత్వాన్ని, రాబోయే బడ్జెట్ సమావేశాల్లో ఈ విషయాన్ని ప్రస్తావించాలని ఈ జిల్లాల శాసనసభ్యులను కోరుతున్నాను.

– ఒక చిత్రకళా ఉపాధ్యాయుడు, కావలి