వీఏ క్లెయిమ్ ఏజెంట్లతో జాగ్రత్త

అందరికీ నమస్కారం.

వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) దగ్గర పరిహారం క్లెయిమ్ వేయిస్తామనే ఏజెంట్ల నుంచి మన వెటరన్ (మాజీ సైనికుడు) ఒకరికి వచ్చిన కాంట్రాక్టు నిన్న చూశాను. వైకల్య రేటింగ్ (నెలవారీ పరిహారం దీన్నిబట్టే) పెరిగితే, నెలకు పెరిగిన మొత్తానికి ఐదు రెట్లు వాళ్లకివ్వాలట! అదీ చిన్న అక్షరాల్లో. పైగా వీఏ లాగిన్ పాస్‌వర్డ్ కూడా కావాలట.

మొదటి క్లెయిమ్ వేయించినందుకు ఎవరూ ఫీజు తీసుకోకూడదు, అది రూలు. అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి వెటరన్ల సంఘాల ప్రతినిధులు ఉచితంగానే చేస్తారు.

శనివారం ఉదయం 10 గంటలకు (ఈస్టర్న్ టైం) జూమ్ కాల్. ఎక్కడైనా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.

ఎవరైనా తొందరపెడుతుంటే, వీఏ సైట్‌లోని అక్రెడిటేషన్ (గుర్తింపు పొందినవాళ్ల) జాబితాలో వాళ్ల పేరుందేమో ముందు వెతకండి. ఈలోగా ‘ఇంటెంట్ టు ఫైల్’ (క్లెయిమ్ వేస్తానని వీఏకి ముందుగా చెప్పడం) పెట్టేస్తే, క్లెయిమ్ వేయడానికి ఏడాది టైం దొరుకుతుంది, టెన్షన్ ఉండదు.

పాస్‌వర్డ్ ఇచ్చేసినవాళ్లు ఇవాళే మార్చేయండి. సిగ్గుపడాల్సిందేం లేదు, నేనూ ఇవ్వబోయాను.

కాల్‌కి వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రికల్లా ఇక్కడ పేరు పెట్టండి.