కవూర్‌ను వరిచేలలో కూడా చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఇటలీ ఏకీకరణపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ ఏకీకరణను నడిపించిన కౌంట్ కవూర్ అందులోనూ ఎత్తులు వేసే మంత్రిగానే కనిపించాడు. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు నేను చెప్పిందీ అంతే: మేజినీ ఆత్మ, కవూర్ మేధస్సు, గారిబాల్డీ ఖడ్గం. పరీక్షకు ఆ ముక్క సరిపోతుంది. మనిషిని తెలుసుకోవడానికి సరిపోదు.

మా నాన్నగారు గోదావరి డెల్టాలో లాకుల దగ్గర లస్కరు. వంతు రోజుల్లో అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వెళ్లి తూము తలుపు ఎత్తేవారు. శివారు రైతులు గట్టు మీద కండువాలు పరుచుకుని నీటి కోసం కాచుకుని ఉండేవారు. అది చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, కవూర్ కథలో నా మనసు ఉత్తర ఇటలీలోని వెర్చెల్లీ వరిచేల దగ్గరే ఆగిపోతుంది.

1831లో సైన్యంలో ఇంజనీరు కొలువు వదిలేసిన కవూర్, 1835 నుంచి వెర్చెల్లీ ప్రాంతంలోని లేరిలో కుటుంబ కమతం చూసుకున్నాడు. వరి పండించాడు, గ్వానో అనే పక్షిరెట్ట ఎరువు తెప్పించాడు. 1852లో ఉత్తర ఇటలీ రాజ్యమైన పీడ్‌మాంట్‌కు ప్రధాని అయిన మరుసటి ఏడే, సెసియా నదికి పడమటి రైతులను ఒక సంఘంగా కూర్చాడు. నీళ్లు సర్కారువి, పంపకం రైతులది. మన నీటి సంఘాల చట్టం 1997లో గానీ రాలేదు!

క్రిమియా యుద్ధం, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో మంతనాలు మీ వ్యాసంలో ఉన్నవే. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ఏర్పడింది. జూన్ 6న దాని తొలి ప్రధాని కవూర్ యాభై ఏళ్లకే కన్నుమూశాడు.

ఆయన పేరు పెట్టిన కాలువను ఆయన చూడలేదు. ఫ్రాంచెస్కో రోస్సి ఆలోచనకు ఇంజనీరు కార్లో నోయె రూపమిచ్చాడు. 1863లో తవ్వకం మొదలై 1866లో పూర్తయింది. కివాస్సో దగ్గర పో నది నుంచి బయలుదేరి, ఎనభై కిలోమీటర్లకు పైగా పారుతుంది. మా పి.గన్నవరం అక్విడక్టు (నీటి వంతెన) మీద కాలువ నదిని పైనుంచి దాటుతుంది. అక్కడ సెసియా అడ్డం వస్తే, సైఫన్ కట్టి నది అడుగు నుంచి దాటించారు.

మనకూ అక్కడికీ చుట్టరికం ఉంది. ఉత్తర ఇటలీ కాలువలు తిరిగి చూసి 1852లో పుస్తకం వేసిన బ్రిటిష్ ఇంజనీరు బేర్డ్ స్మిత్, 1856లో మన గోదావరి, కృష్ణా పనుల మీదా నివేదిక ప్రచురించాడు.

ఈ సంగతులతో, వీలైతే ఆ సైఫన్ బొమ్మతో, ఇంకో వ్యాసం వేయండి. మా ఊరి గ్రంథాలయానికి వచ్చే పిల్లలకు నేనే చదివి వినిపిస్తాను.

- విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, కోనసీమ