కొత్త ఆర్డర్లు సంక్రాంతి దాకా ఎందుకు ఆపాను

అందరికీ నమస్తే. విశాఖలో మా దగ్గర గిటార్ చేయించుకోవడానికి బుక్ చేసి ఎదురుచూస్తున్నవాళ్లకీ, ధర కనుక్కుని ఆలోచిస్తున్నవాళ్లకీ కలిపి రాస్తున్నాను. ఈమధ్య వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఇవే: "అన్నా, నాది ఎంతవరకు వచ్చింది?", "కొత్త ఆర్డర్ ఎందుకు తీసుకోవట్లేదు?", "రేటు ఎందుకు పెరిగింది?" పని మధ్యలో ఫోన్‌లో సగం సగం చెప్పడం కంటే ఒకసారి వివరంగా రాస్తే మంచిదనిపించింది.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. సంక్రాంతి వరకు కొత్త ఆర్డర్లు తీసుకోను. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లందరికీ పాత రేటే. అయితే ఈ వానాకాలంలో ఇవ్వాల్సిన గిటార్లు చలికాలంలోకి జరుగుతాయి. ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాను, ఏమీ పట్టుకోను.

ఆలస్యానికి కారణం గాలిలో తేమ. గిటార్ ముందు పలక, అంటే టాప్, మూడు మిల్లీమీటర్ల కంటే పలచగా ఉంటుంది. దాని మీద ఆరు స్టీల్ తీగలు కలిపి డెబ్బై కిలోల పైనే లాగుతుంటాయి. ఆ బరువుకి పలక కుంగిపోకుండా లోపల సన్నటి బద్దలు అతికిస్తాం. వాటినే బ్రేసులంటారు. చెక్క తేమ పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు అడ్డంగానే ముడుచుకుంటుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. విశాఖలో వానాకాలం తేమ 80 శాతం దాటుతుంది. ఆ గాలిలో బ్రేసులు అతికించిన గిటార్ హైదరాబాద్ వెళ్లిందనుకోండి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అక్కడ తేమ 30 శాతం కిందికి కూడా పడిపోతుంది. పలక ముడుచుకోవాలని చూస్తుంది, అడ్డంగా అతికిన బద్ద కదలనివ్వదు. చివరికి పలకే చీలుతుంది. అమెరికాలో చలికాలం హీటర్ వేసిన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. మా గిటార్లు అక్కడి మనవాళ్ల దగ్గరికి కూడా వెళ్తున్నాయి కాబట్టి ఆ సంగతి కూడా చూసుకోవాలి.

అందుకే అతికించే పని 45 నుంచి 50 శాతం తేమ ఉన్న గదిలోనే చేస్తాను. నా దగ్గర అలాంటి గది ఒక్కటే ఉంది, చిన్నది. ముసురు పట్టి కరెంటు పోయిందంటే ఆ గదిలోకీ తేమ వచ్చేస్తుంది. చెక్క సిద్ధమైందో లేదో తూకం చెబుతుంది. ప్రతి పలక మీదా పెన్సిల్‌తో తేదీ, గ్రాములు రాసి పెడతాను. వరసగా కొన్నాళ్లు తూకం మారకుండా నిలబడితేనే దాన్ని ముట్టుకుంటాను. ఈ ఏడాది చాలా పలకలు ఇంకా నిలబడలేదు. తొందరపడి అతికిస్తే మీరు తీసుకున్న రోజు బాగానే మోగుతుంది. పగులు వచ్చేది తర్వాతి ఎండాకాలంలో.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానని చాలామంది అడుగుతుంటారు. మాది వడ్రంగం. నాన్న గుమ్మాలు, తలుపులు, మంచాలు చేసేవారు. చేవ ఎక్కడుందో చూడటం, నార ఎటు పోతోందో చూసి చిత్రిక పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో తలుపులకు పాలిష్ పట్టేవారు. ఈరోజు గిటార్లకు నేను పట్టేదీ అదే పాలిష్, కాకపోతే పూత ఇంకా పలచగా, ఇంకా చాలాసార్లు వేస్తాను. మందంగా వేస్తే పలక కదలదు, మోత తగ్గిపోతుంది.

తర్వాత ఒక మ్యూజిక్ షాపులో రిపేర్ల పనికి కుదిరాను. అక్కడికి వచ్చే గిటార్లలో చర్చిలో వాయించే కుర్రాళ్లవే ఎక్కువ. వారం వారం వాయించేవి కాబట్టి మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్లు, అరిగిపోయేవి, ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేవి, పలక మీద తీగలు పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోయేది. వాటిని విప్పి అద్దం పెట్టి లోపల చూడటమే నా చదువు. ఏ బద్ద ఎక్కడ ఊడింది, బంక ఎంత మందంగా పూశారు, పలక ఎంత మందం ఉంటే గొంతు మూసుకుపోతోంది, ఇవన్నీ అక్కడే తెలిశాయి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి కూడా వెళ్లాను. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లు అక్కడున్నారు. నన్ను కట్టిపడేసింది మేళం కట్టే పని, అంటే మెట్లు అమర్చడం. వీణకు 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. చెవితో వింటూ ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి జరుపుతారు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. ఫ్రెట్టు గాడిలో దిగిందంటే అంతే. స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 650 మిల్లీమీటర్లు తీసుకుంటే, దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్టు 36.48 దగ్గర వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర పడాలి. ఈ గాళ్ల వరకు మెషిన్ మీదే కోయిస్తున్నాను, ఆ మాట దాచను. కొలత అక్కడ నా చేతికంటే బాగా వస్తుంది.

మెషిన్‌కి ఇవ్వలేనిది బ్రేసులు చెక్కే పని. పలకను పై అంచున రెండు వేళ్ల మధ్య వేలాడదీసి, మధ్యలో వేలి కణుపుతో తడతాను. మొదట్లో "టక్" అని పొడిగా ఉంటుంది. ఉలితో బద్ద కొసలు కొంచెం కొంచెం తీస్తూ మళ్లీ తడుతూ ఉంటే, ఒక దశలో మోత సాగడం మొదలవుతుంది. ఎక్కడ ఆగాలన్నదే పనంతా. ఒకే దుంగలోంచి పక్కపక్కనే కోసిన రెండు పలకలు కూడా ఒక్కలా పలకవు, కాబట్టి ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. ఈ పనిని ఇంకొకరికి అప్పజెప్పి రోజూ గిటార్లు బయటికి పంపడం నాకు ఇష్టం లేదు. మీరు డబ్బిచ్చేది ముఖ్యంగా దీనికే అని నా నమ్మకం.

ఇక రేటు. మొదలు ధర 95 వేల నుంచి 1,15,000 అయింది. టాప్‌కి వాడే సిట్కా స్ప్రూస్ ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరుగుతుంది, బయటినుంచే రావాలి. తీగలు బిగించే టూనర్లు, ఫ్రెట్ తీగ కూడా అంతే. డాలర్ పెరిగినప్పుడల్లా ఆ భారం మన మీద పడుతుంది. వెనక పలకకూ పక్కలకూ వాడే రోజ్‌వుడ్, అదే మన జిట్రేగి, ఇక్కడిదే అయినా మంచి పాత చేవ దొరకడం కష్టమైపోయింది. 2017 జనవరి నుంచి ఈ జాతి చెక్కల మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. తయారైపోయిన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చారు. అయినా చెక్క కొన్న బిల్లులు ప్రతి గిటార్‌కీ విడిగా దాచి, విదేశాలకు పంపేటప్పుడు కాపీ జతచేస్తున్నాను. బిల్లు లేని చెక్క సగం ధరకు ఇస్తామని వచ్చేవాళ్లున్నారు. తీసుకోను.

బడ్జెట్ అంత లేనివాళ్ల కోసం పనసతో చేయడం మొదలుపెట్టాను. రోజ్‌వుడ్ లాంటి లోతైన బేస్ రాదు, ముందే చెబుతున్నాను. కానీ మధ్య స్వరాలు నిండుగా, వెచ్చగా వస్తాయి, పాటకు తోడుగా వాయించేవాళ్లకు బాగా నప్పుతుంది. పసుపు రంగు ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగులోకి మారుతుంది. వీటి ధర మాత్రం లక్ష లోపే ఉంటుంది.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు కొందరు స్కాలప్ చేసిన ఫ్రెట్‌బోర్డ్ అడుగుతున్నారు. ఫ్రెట్ల మధ్య చెక్కను పల్లంగా తొలిస్తే తీగను లాగడానికి వేలికి పట్టు దొరుకుతుంది, గమకం పలుకుతుంది. వాద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం కొత్తేమీ కాదు. మన పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండొలిన్ జంట తీగలు వదిలి ఐదు ఒంటి తీగలతోనే కచేరీలు చేశారు. కాకపోతే స్కాలప్ చేశాక వెనక్కి మార్చలేం, గట్టిగా నొక్కే అలవాటున్నవాళ్లకు శ్రుతి పైకి పోతుంది. కాబట్టి షాపుకి వచ్చి, నా దగ్గరున్న స్కాలప్ గిటార్ కాసేపు వాయించి చూశాకే ఖాయం చేసుకోండి.

ఇప్పటికే బుక్ చేసినవాళ్లకు ఒక పని ఉంది. మీ ఎడమచేతి ఫొటో ఒకటి, పక్కన స్కేలు పెట్టి, దసరాలోపు వాట్సాప్ చేయండి. మెడ పైకొసన తీగలు ఆనే నట్ దగ్గర మెడ వెడల్పు 43 మిల్లీమీటర్లా, 45 కావాలా అన్నది దాన్ని చూసి మాట్లాడుకుందాం. మెడలు చెక్కడం వానలు తగ్గగానే మొదలుపెడతాను. ఎడమచేతివాటం ఉన్నవాళ్లు ఆ మాట తప్పకుండా రాయండి, బ్రేసులు కూడా తిరగేసి వేయాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఫోన్ ఎత్తుతాను, మిగతా వేళల్లో మెసేజ్ పెట్టండి.