వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన సంఘం గట్టిగా చెప్పుకోవలసింది ఒకటే: బ్రిటిష్ రచయిత నిక్ పేన్ రాసిన 'కాన్‌స్టెలేషన్స్' నాటకాన్ని అనుమతి తీసుకుని తెలుగులో వేశాం.

2012లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో మొదలై, 2015లో న్యూయార్క్ బ్రాడ్‌వేకి వెళ్లిన నాటకం ఇది. 2021లో ఇక్కడే లండన్‌లో వాడెవిల్ థియేటర్‌లో నాలుగు జంటల నటులు వంతులవారీగా ఆడారు. పాత్రలు రెండే. రోలండ్ తేనెటీగలు పెంచుతాడు. మరియాన్ సస్సెక్స్ యూనివర్సిటీలో విశ్వశాస్త్రం మీద పనిచేస్తుంది. బార్బెక్యూలో కలుస్తారు. "మోచేతి కొనని నాలుకతో ఎందుకు అందుకోలేమో తెలుసా?" అని ఆమె అడుగుతుంది. ఒకే కథ వేర్వేరు సమాంతర విశ్వాల్లో వేర్వేరుగా నడుస్తుంది. ఒక విశ్వంలో అతనికి పెళ్లయిపోయింది, మాట అక్కడితో సరి. లైటు మారుతుంది. మళ్లీ అదే ప్రశ్న, ఈసారి ప్రేమ మొదలవుతుంది. పెళ్లి ప్రస్తావన, విడిపోవడం, ఆమె మెదడులో కణితి, అన్నీ ఇలాగే రకరకాలుగా జరుగుతాయి.

పాటా పద్యం లేని నాటకానికి ఎవరొస్తారని కమిటీలోనే కొందరు అన్నారు. హాలు నిండింది. ముందు వరుసలో పెద్దవాళ్లు మోచేతిని నోటి దగ్గరికి తెచ్చి చూసుకోవడం నేను వింగ్‌లోంచి కళ్లారా చూశాను.

నాటకానికి ముందు ఫిజిక్స్ మాస్టారు 1957 నాటి హ్యూ ఎవరెట్ బహుళ విశ్వాల సిద్ధాంతాన్ని పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. మాటలు లేకుండా సంజ్ఞలతోనే సాగే సీను కోసం మా ఇద్దరు నటులకు సైన్ లాంగ్వేజ్ నేర్పిన టీచరమ్మకు, రిహార్సల్స్‌కి ఇల్లిచ్చి రోజూ పులిహోర పెట్టిన దంపతులకు, టికెట్లు అమ్మిన యువ విభాగానికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

ఒక మాట చెప్పక తప్పదు. వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు, ఫోన్లూ ఎత్తలేదు. మేకప్ వేసుకున్న నటులే కుర్చీలు సర్దారు. హాలు అధికారులు తాళాలు ఆలస్యంగా ఇచ్చారు. లైటు మారితేనే విశ్వం మారినట్టు తెలిసే నాటకానికి లైటింగ్ రిహార్సల్ సగంలో ఆగితే ఎంత టెన్షనో ఊహించండి. లైట్లు చూసిన కుర్రాడు లైటు మార్చాల్సిన ఒక్క క్యూ (సంకేతం) కూడా తప్పలేదు. ఆ క్రెడిట్ పూర్తిగా అతనిదే.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం. ఆడిటర్ గారు సరిచూశారు. హక్కుల రుసుము, హాలు అద్దె పోను కొద్దిగా మిగిలింది.

కొత్త కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే నాటకానికి హాలు ఇప్పుడే బుక్ చేయండి, వాలంటీర్ల దగ్గర సంతకం తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి