‘శిథిలం’ అంటే కూలినది కాదు

సంపాదకులకు నమస్కారం.

భవనం కూలిన వార్తల్లో ‘శిథిలాల కింద చిక్కుకున్నారు’ అని రాయడం రూఢి అయిపోయింది గనుక దానితో నాకు పేచీ లేదు. అయితే నిన్నటిదాకా కొత్తగా ఉండి, పునాది లోపం వల్ల ఒక్కసారిగా నేలమట్టమైన కట్టడాన్ని ‘శిథిల భవనం’ అనడం మాత్రం సరికాదు.

సంస్కృతంలో శిథిలమంటే సడలినది, పట్టు వదిలినది అని మొదటి అర్థం. యోగసూత్రాలు ఆసనం విషయంలో చెప్పిన ‘ప్రయత్నశైథిల్యం’లో ఉన్నది బిగువు సడలించడమే తప్ప కూలడం కాదు. పాత గోడకు గచ్చు పెళ్లలుగా ఊడి, ఇటుకల సందుల్లోని సున్నం గోటితో గీరితే పొడిపొడిగా రాలుతున్నా, గోడ ఇంకా నిలబడే ఉంటుంది చూడండి, అదీ శిథిలావస్థ. కుట్లు వదిలి, అట్ట ఊగులాడుతూ, ముట్టుకుంటే అంచులు విరిగే పుస్తకం కూడా శిథిలప్రతే. అది కాలం నెమ్మదిగా చేసే పని. ఒక్క దెబ్బకు జరిగినదానికి కూలింది, ముక్కలైంది, ఛిన్నాభిన్నమైంది అన్న మాటలు ఉండనే ఉన్నాయి. ‘చెల్లాచెదురు’ వేరు, అక్కడ ఏదీ విరగనక్కర్లేదు, గుంపు చెదిరితే చాలు.

అన్నట్టు, ‘శిధిలం’ అన్న అచ్చుతప్పు శీర్షికల్లో సైతం కనిపిస్తోంది. అది పొట్టలో చుక్క ఉన్న ‘థ’. ప్రూఫులు దిద్దేవారు ఆ చుక్క మీద ఒక కన్నేసి ఉంచాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు