రైతుల ముందే కాటా వేయండి

ప్రకృతి వ్యవసాయమా, ఎరువుల వ్యవసాయమా అని నెల్లూరు జిల్లాలో జరుగుతున్న చర్చల్లో లెక్కలూ నమ్మకాలూ కలగాపులగమైపోతున్నాయి. కోవూరు వైపు రైతు సభల్లో ఒకరు ఆవు, నేలతల్లి అంటారు, ఇంకొకరు లేచి ఎకరానికి ఎన్ని పుట్లో ముందు చెప్పవయ్యా అంటారు, ఇక గొడవే. మా పక్క చేలో రైతు డ్రమ్ములో పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం తయారుచేస్తాడు, పూటపూటా కర్రతో తిప్పుతాడు, మందుల ఖర్చు తగ్గిందంటాడు, నిజమే, కానీ ఆ చాకిరీకీ కలుపు కూలికీ ఎవరూ లెక్క రాయరు. యూరియా చల్లే చేలోనేమో పుట్లు లెక్కపెడతారు గానీ నేల ఏమైందో చూడరు. దిగుబడి ఎంతన్నది కాటా మీద తేలుతుంది. ఎరువులు మానేశాక నేల కోలుకునేదాకా వచ్చే నష్టం కౌలు రైతు ఒక్కడే మొయ్యాలా అన్నది మాత్రం అందరం కూర్చుని తేల్చుకోవాలి. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఉన్నపళంగా ఆపేశారు, వరి దెబ్బతింది, నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు, మధ్యలో నలిగింది రైతులే. అందుకే మండలానికొక చోట రైతు సేవా కేంద్రం వాళ్లు పక్కపక్క మళ్లలో రెండు పద్ధతులూ కనీసం మూడేళ్లు వేయించాలి, పుట్టి 850 కిలోల లెక్కన దిగుబడి, కూలితో సహా ఖర్చు, భూసార పరీక్ష ఫలితాలు బోర్డు మీద రాయాలి, కోతనాడు రెండు వర్గాల వాళ్లనూ పిలిచి వాళ్ల ఎదుటే తూకం వేయాలి, దిగుబడి తగ్గితే ఆ తేడా డబ్బు సాగు చేసినవాడి ఖాతాలోనే వేయాలి.