గుండ్లకమ్మ ఒడ్డున మా నాన్నగారిని కాచిన జీవాల కాపరికి కృతజ్ఞతలు

మా నాన్నగారు దొరికారు, క్షేమంగా ఇల్లు చేరారు. మంగళవారం సాయంత్రం నుంచి ఆయన ఫొటోను ఊరూరికీ పంపిన మీ అందరికీ ముందుగా ఈ మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. దయచేసి ఇక ఆ ఫొటోను ఎవరికీ పంపవద్దు. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు కనుక ఈ రాతలో వరుస తప్పితే మన్నించండి.

నాన్నగారి వయస్సు 81 సంవత్సరాలు. బడిపంతులుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత ఒంగోలులోని మా చర్చి సంఘంలో సంఘపెద్దగా సేవచేసిన మనిషి. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు ఆయనను కొంచెం కొంచెంగా మా నుంచి తీసుకుపోతోంది. నన్ను చూసి "మాస్టారండీ, మీది ఏ ఊరు?" అని అడుగుతారు. అయితే పాత సంగతులు మాత్రం చెక్కుచెదరలేదు. 1878వ సంవత్సరం జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ప్రకాశం జిల్లా బాప్టిస్టు కుటుంబాలలో పుట్టినవారికి ఉగ్గుపాలతోనే అందుతుంది. అంతకు ముందు వచ్చిన పెద్ద కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించారని, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని నాన్నగారు మాకు వందసార్లు చెప్పి ఉంటారు. ఆ 2,222 మందిలో మా ముత్తాతగారి తండ్రి ఒకరని మా ఇంటి నమ్మకం. మంగళవారం మధ్యాహ్నం నాన్నగారు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది ఆ ఏటి దగ్గరకే అని మాకు తెల్లవారేదాకా తోచలేదు.

నా భార్య, తమ్ముడు, చెల్లెలు, బావగారు రాత్రంతా తిరిగారు. వారికి ఇక్కడ కృతజ్ఞతలు చెబితే నవ్వుతారు. ఇంటివాళ్లు వెతకక ఎవరు వెతుకుతారు?

నేను ఇది రాయడానికి కూర్చున్నది ఒక్క మనిషి కోసం. ఆయన పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. యాభై దాటిన మనిషి, నూట ముప్ఫై దాకా జీవాలు, తోడుగా పద్దెనిమిదేళ్ల కొడుకు. శనగ తీసేసిన చేలలో రైతులు ఎరువు కోసం మందలు కట్టించుకునే రోజులు కావడంతో వారం కిందట ఏటి పక్కకు మందను తోలుకొచ్చారట. మంగళవారం పొద్దుగూకే వేళ వల కట్టి, జీవాలను లోపలికి వదులుతుండగా ఒక గొర్రె కనబడలేదు. దానిని వెతుక్కుంటూ ఏటి వాలులోకి దిగితే ముళ్ల చిల్లచెట్ల మధ్య గొర్రెకు బదులు మా నాన్నగారు కనిపించారు. చెప్పులు లేవు, పంచె చిరిగిపోయి ఉంది. చేతిలో కళ్లజోడు పెట్టె మాత్రం గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"లేవమంటే లేవలేదు సార్. ఏ ఊరంటే పలకలేదు. తప్పిపోయిన జీవం కూడా అంతే. మొదట అరుస్తది, అరిచి అరిచి అలిసిపోయి ఏదో తుప్ప కింద చతికిలబడతది. ఇంక కర్రతో అదిలించినా కదలదు. దాన్ని భుజాన ఎత్తుకు రావాల్సిందే." అందుకని ఆయన మా నాన్నగారిని వీపున మోసుకుని గట్టెక్కారు. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆయన నా వైపు కూడా చూడలేదు, ఒక గొర్రెపిల్లను తల్లి పొదుగు దగ్గరకు నెడుతున్నారు.

లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలోని తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని నేను ఆదివారపు బడిలో ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. "సంతోషముతో దానిని తన భుజములమీద వేసికొని" అన్న చోట కాపరికి గొర్రెపై ఉన్న ముద్దు గురించి చెప్పేవాడినే గాని, అసలు ఎందుకు మోయవలసి వచ్చిందో ఒక్కసారైనా ఆలోచించలేదు. నడవలేని స్థితికి వచ్చినదానిని నడవమనడం కాపరికి చేతకాదు కనుక మోశాడు. నాన్నగారిని మేము ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు "గుర్తు తెచ్చుకోండి, ప్రయత్నించండి" అని తొందరపెడుతున్నామో తలచుకుంటే సిగ్గువేసింది.

అడగకుండా ఉండలేక అడిగాను, తప్పిన ఒక్కదాని కోసం మిగతా మందను వదిలి వెళ్లడం ఎలా కుదురుతుందని. పిల్లలు ప్రతి ఏడాదీ నన్ను ఈ ప్రశ్న అడుగుతారు, ప్రతి ఏడాదీ నేను ఏదో ఒకటి చెప్పి దాటవేస్తాను. ఆయన నన్ను వింతగా చూసి "వల కట్టే ఉంది గదా సార్, మా వాడున్నాడు గదా. మందంటే ఒక్కడితో అయ్యే పనా?" అన్నారు. అంతే. ఉపమానంలో తోటి కాపరులు ఉండి ఉంటారని, ఇంటికి వచ్చాక పిలిచిన స్నేహితులు, పొరుగువారు వారేనేమోనని నాకు ఆ మాటతో తట్టింది. ఇది నా ఊహే, పండితులు ఏమంటారో వేరే సంగతి.

ఆ రాత్రి ఆయన నాన్నగారికి సంగటి ముద్దలు పెట్టి, మేకపాలతో కాచిన టీ తాగించారు. జీవాల గిట్టల్లో ముళ్లు తీసే చిన్న పట్టకారు ఒకటి ఆయన మొలతాడుకు వేలాడుతుంటుంది. దానితో టార్చిలైటు వెలుగులో నాన్నగారి రెండు పాదాల నుంచి పదకొండు చిల్లముళ్లు తీశారు. తీసిన ప్రతి ముల్లునూ, మళ్లీ ఎవరి కాలిలోనూ దిగకుండా, నిప్పులో వేశారట. పాదాలకు ఆముదం రాసి, తన దుప్పటి కప్పి, రోజుల గొర్రెపిల్లలను కమ్మి ఉంచే పెద్ద గంప పక్కన పడుకోబెట్టారు. ఆయన మాత్రం మంచు కురిసే ఫిబ్రవరి రాత్రి ఒంటి మీద చొక్కాతో కూర్చుని తెల్లవార్చారు. ఎందుకు పడుకోలేదంటే, "పెద్దాయన లేచి మళ్లీ ఏటి వైపు పోతే?" అన్నారు.

ఇంకొక సంగతి చెప్పాలి, దానికే నేను తట్టుకోలేకపోయాను. నిద్రపోయే ముందు నాన్నగారు మోకాళ్లూని ప్రార్థన చేశారట. కన్నబిడ్డల పేర్లు రెండేళ్లుగా ఆయన ప్రార్థనలో వినబడడం లేదు, ఎందుకంటే అవి ఆయనకు గుర్తులేవు. అయితే ఆ సాయంత్రమంతా ఆ కాపరి తన జీవాలను పిలుస్తుంటే విన్నారు కాబోలు, "బొల్లిని కాపాడు తండ్రీ, కుంటిదానిని కాపాడు తండ్రీ, ఆ చుక్కలదానిని ఇంటికి చేర్చు తండ్రీ" అని ఒక్కొక్కదానినీ ప్రభువుకు అప్పగించారట. "నా జీవాల కోసం ఇప్పటిదాకా ఎవరూ అట్టా మొక్కలేదు సార్. మా వాడు కూడా చేతులు జోడించాడు" అని ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నేను ఆ చేలో, ఆ పెంట వాసనలో, నలుగురు చూస్తుండగా చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. తప్పిపోయిన గొర్రె తెల్లవారుజామున దానంతట అదే వల దగ్గరకు వచ్చి నిలబడిందట. అది చుక్కలదే.

యోహాను సువార్తలో మంచి కాపరి "తన సొంత గొఱ్ఱెలను పేరుపెట్టి పిలిచి" బయటకు నడిపిస్తాడని ఉంది. ఇన్ని జీవాలను ఎలా లెక్కపెడతారని అడిగితే, లెక్కపెట్టనని, ముఖాలు చూస్తానని, ఎవరు లేరో దానంతట అదే తెలుస్తుందని ఆయన జవాబు. జీవాలకు వాటి పేర్లు తెలుసా అంటే, కొన్నిటికి తెలుసునని, ముసలి వాటికి చెవులు వినబడవని, "వాటికి తెలియకపోతే ఏం సార్, నాకు తెలుసు గదా" అని అన్నారు. నాలుగేళ్లుగా నన్ను లోలోపల తొలుస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. ప్రభువు పేరే మరచిపోయే రోజు వస్తే నాన్నగారి విశ్వాసం ఏమవుతుందన్నది ఆ ప్రశ్న. పాస్టరు గారిని అడగడానికి కూడా భయపడ్డాను. చదువు రాని ఒక కాపరి, నేను అడగకుండానే, ముసలి గొర్రె చెవిని నిమురుతూ దానికి జవాబు చెప్పేశారు.

మా ఆదివారపు బడి గోడ మీది బొమ్మలో గొర్రెలు దూదిపింజల్లా ఉంటాయి. మన నెల్లూరు గొర్రెలకు ఉన్ని ఎక్కడిది? పొడుగు కాళ్లతో, వేలాడే చెవులతో, తెల్లని ఒంటి మీద కళ్ల చుట్టూ, మూతి చుట్టూ నలుపుతో ఉండే జొడిపి రకం అవి. దూరం నుంచి చూస్తే మేకలనే అనుకుంటాం. ఆ మందలో నాలుగైదు మేకలు కూడా ఉంటే నాకు తేడా తెలియక అడిగాను. "తోక చూడండి సార్, మేకది పైకి లేచి ఉంటది, గొర్రెది కిందికి వాలుతది" అన్నారు. మత్తయి ఇరవై ఐదవ అధ్యాయంలో "గొల్లవాడు మేకలలోనుండి గొఱ్ఱెలను వేరుపరచునట్లు" అన్న పోలిక ఆ దూదిపింజల బొమ్మ దగ్గర ఎందుకు అతకడం లేదో నాకు ఇరవై రెండేళ్లకు అర్థమైంది. ఆ అధ్యాయంలోనే ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినవారు, పరదేశిని చేర్చుకున్నవారు, అవి తనకే చేశారని ప్రభువు అన్నప్పుడు "ప్రభువా, ఎప్పుడు?" అని ఆశ్చర్యపోతారు. నేను ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టినప్పుడు ఆయన కూడా "దేనికి సార్?" అనే అన్నారు. డబ్బు ఇవ్వబోతే, మందలో రాత్రి ఉన్న మనిషి దగ్గర తీసుకోకూడదని తోసేశారు.

ఆయన ఫోనులో చార్జింగు లేదు, చేలో కరెంటు లేదు. అందుకే ఉదయం కళ్లజోడు పెట్టె పట్టుకుని రోడ్డు మీదకు వచ్చి, దాని మీద ఏమి రాసి ఉందో చదవమని ట్రాక్టరు ఆపి అడిగారు. ఆ డ్రైవరు ఒంగోలులోని కళ్లజోళ్ల దుకాణానికి ఫోను చేస్తే, పది గంటలకు దుకాణం తెరిచిన కుర్రవాడు పాత పుస్తకాలన్నీ తిరగేసి మా నంబరు పట్టుకున్నాడు. వారిద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఈ మాట రాయకూడదనుకున్నాను గాని రాయక తప్పడం లేదు. మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు మేము ఠాణాకు వెళితే, రేపు ఉదయం దాకా చూసి రమ్మన్నారు. మనిషి తప్పిపోతే 24 గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. బస్టాండులో కెమెరాలు ఉన్నాయి, వాటి ఎదుట తెర కూడా వెలుగుతోంది, కాని రికార్డు కావడం లేదట. ఆ మధ్యాహ్నం అటు వెళ్లిన బస్సుల కండక్టర్లను విచారించమంటే పోలీసుల నుంచి కాగితం కావాలన్నారు, కాగితం అడిగితే రేపన్నారు. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ రాత్రి ఎనిమిది గంటలకే ఆయన ఎక్కడ దిగిందీ తెలిసిపోయేది. చివరికి నాన్నగారు దొరికాక, ఫిర్యాదు మూసివేయడానికి మనిషిని చూపించాలని పిలిపించి, పాదాలకు కట్లతో ఉన్న వృద్ధుడిని రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన మాత్రం అక్కడి కానిస్టేబులును "మీ మందలో ఎన్ని ఉన్నాయి బాబూ?" అని అడిగారు. ఇలాంటి వృద్ధులు ఇంట్లో ఉన్నవారు దయచేసి వారి జేబులో ఫోను నంబరు కుట్టి ఉంచండి. మాకు ఆ తెలివి ముందే ఉండవలసింది.

మరచిపోయినవారు ఇంకా ఉన్నారు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లాక ఫొటో చూసి, తెల్లవారుజామున ఐదు గంటలకు "ఈయన వెల్లంపల్లి దగ్గర దిగారు" అని తనంతట తాను ఫోను చేసిన ఆర్టీసీ కండక్టరు గారు. ఆ మాట పట్టుకుని మేము ఏటికి అవతలి ఒడ్డున వెతికామంటే అది మా దురదృష్టమే గాని ఆయన తప్పు కాదు. మాతో పాటు కంపలో తిరిగి చొక్కా చింపుకున్న ఇద్దరు ఆటో అబ్బాయిలు. నాన్నగారి పాత విద్యార్థులు, ఎన్ని ఊళ్ల నుంచి వచ్చారో లెక్కలేదు. రాత్రి పెట్రోలు బంకులో డబ్బు తీసుకోని అమ్మాయి. ప్రార్థనలో ఉన్న మా సంఘంవారు. మసీదు మైకులో ప్రకటన చేయించిన మా వీధి చివరి టైలరు భాయ్‌గారు, ఆయన పేరు మొదటే రాయవలసింది, క్షమించాలి.

నిన్న మేము కొత్త రగ్గు, మిఠాయిలు తీసుకుని అదే చేనుకు వెళ్లాము. వల లేదు, మంద లేదు, శనగ మోళ్ల మీద పెంట మాత్రం పరచుకుని ఉంది. అద్దంకి వైపు తోలుకుపోయారని రైతు చెప్పాడు, కాపరి ఇచ్చిన నంబరు మోగడం లేదు. ఆ కాపరి దుప్పటి ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఉతకడానికి కూడా నాన్నగారు దానిని వదలడం లేదు, గొర్రె వాసన వస్తోందని మా ఆవిడ కిటికీలు తెరిచి పెడుతోంది. అద్దంకి చుట్టుపక్కల ఎవరికైనా నూట ముప్ఫై జొడిపి గొర్రెల మంద, అందులో ఎడమ కన్ను దగ్గర మూడు చుక్కలున్న గొర్రె కనబడితే దయచేసి నాకు చెప్పండి. రాత్రుళ్లు ఇంకా చలిగానే ఉంది, ఆయనకు కప్పుకోవడానికి ఏమీ లేదు.